మన బోరు నీళ్లకు, మన ఎండకు ఏ అక్వేరియం కుదురుతుంది?

ఇంట్లో చిన్న అక్వేరియం పెట్టుకోవాలనుకున్నవాళ్లు నేరుగా చేపల అంగడికి పోతారు. రంగులు చూసి మనసు పారేసుకుని, కవర్లో నాలుగు చేపలు కట్టించుకుని, ఇంటికొచ్చాక నీళ్ల గురించి ఆలోచిస్తారు. కర్నూలు, అనంతపురం, కడప వైపు ఉండేవాళ్లు ఈ వరస తిరగేయాల్సిందే. ముందు మీ ఇంట్లో ఏ నీళ్లున్నాయో, మే నెల మధ్యాహ్నం మీ హాలు ఎంత కాగుతుందో, కరెంటు పోతే ఎంతసేపు పోతుందో చూసుకోండి. వాటిని తట్టుకునే చేప ఏదన్నది ఆ తర్వాత. నీళ్లను చేపకు తగ్గట్టు మార్చడం కన్నా నీళ్లకు తగ్గ చేపను తెచ్చుకోవడం చాలా సులువు, ఖర్చూ తక్కువ. ఇంటర్నెట్‌లో కనిపించే సలహాలు చాలావరకు చలిదేశాలవాళ్లు రాసినవి కాబట్టి మొదటి రోజే హీటర్ కొనమంటారు. మనకు కావాల్సింది ఫ్యాను.

జనం మామూలుగా తటపటాయించేది ఈ ఐదింటి మధ్యే: గుండ్రటి గాజు గిన్నెలో గోల్డ్ ఫిష్, అడుగు ట్యాంకులో ఒక్క ఫైటర్ (బెట్టా చేప), రెండడుగుల ట్యాంకులో గప్పీలూ మోలీలూ, అదే రెండడుగుల్లో నిండా మొక్కలు పెట్టి టెట్రాలు, మూతా లైటూ మోటారూ అన్నీ కలిపి వచ్చే రెడీమేడ్ ట్యాంకు. వీటిలో ఏది మీదో తేలాలంటే ముందు కొన్ని సంగతులు తెలియాలి.

నీళ్లు

అన్నిటికన్నా పెద్ద విషయం ఇదే కాబట్టి కాస్త విడమరిచి చెప్తాను. మన వైపు చాలా ఇళ్లల్లో మూడు రకాల నీళ్లుంటాయి: మున్సిపాలిటీ కొళాయి నీళ్లు, బోరు నీళ్లు, ప్లాంటు నుంచి తెచ్చుకునే 20 లీటర్ల క్యాను. కర్నూలు కొళాయికి తుంగభద్ర నీళ్లు, అనంతపురానికి పెన్నహోబిలం రిజర్వాయరు నీళ్లు, కడపకు పెన్నా నీళ్లు. ఇవి మామూలుగా బోరు కన్నా తేలిక నీళ్లు, ఉప్పు తక్కువ. బోరు సంగతి మీకు తెలిసిందే, సబ్బు నురగ రాదు, గీజరు కాయిల్‌కు తెల్లటి పొర కడుతుంది, బిందె అడుగున సుద్ద పేరుకుంటుంది. ఆ సుద్ద కాల్షియం, మెగ్నీషియం లవణాలే. తాగే నీళ్లకు మన దేశంలో పెట్టుకున్న ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం కాఠిన్యం, అంటే ఆ లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే గతి లేకపోతే 600 దాకా సరిపెట్టుకోవచ్చు. టీడీఎస్‌కైతే ఆ అంకెలు 500, 2000; టీడీఎస్ అంటే నీళ్లలో కరిగి ఉన్న పదార్థాల మొత్తం. పెన్నులా ఉండే టీడీఎస్ మీటరు ఒకటి కొని మీ బోరు నీళ్లలో ముంచి చూడండి, వెయ్యి దాటినా కంగారు పడొద్దు. కొన్ని చేపలకు అవే ఇష్టమైన నీళ్లు.

క్యాను నీళ్లు శుభ్రంగా ఉంటాయి కదా, అవే పోసేద్దాం అని కొందరంటారు. ఆర్ఓ మిషన్ మురికితో పాటు లవణాలనూ దాదాపు పూర్తిగా తీసేస్తుంది. ఉత్త ఆర్ఓ నీళ్లలో పీహెచ్‌ను నిలబెట్టే సత్తువ మిగలదు, అది ఎప్పుడు ఎటు జారుతుందో చెప్పలేం (పీహెచ్ అంటే నీళ్లు పులుపు వైపున్నాయా, క్షారం వైపున్నాయా చెప్పే అంకె). చేప ఒంటికి కూడా కొన్ని లవణాలు కావాలి. అందుకని క్యాను నీళ్లు కలుపుకోవడానికి వాడుకోవాలి గానీ అవే పోయకూడదు. అపార్ట్‌మెంట్లలో సాఫ్ట్‌నర్ పెట్టిస్తారు చూడండి, ఉప్పు బస్తాలు పోసేది, అది కాల్షియం తీసి దాని బదులు సోడియం పెడుతుంది. గీజరుకు మంచిదే, టీడీఎస్ మాత్రం తగ్గదు. ట్యాంకుకు ఆ నీళ్లు వద్దు, సాఫ్ట్‌నర్‌కు ముందున్న కొళాయి ఎక్కడుందో వాచ్‌మన్‌ను అడగండి.

కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వెడల్పాటి బకెట్లో పట్టి ఒక రోజు ఊరికే ఉంచితే ఎగిరిపోతుంది. తొందరగా కావాలంటే అంగడిలో యాంటీ క్లోరిన్ చుక్కలు దొరుకుతాయి, చాలావాటిలో ఉండేది సోడియం థయోసల్ఫేటే. ఆ బకెట్ ట్యాంకుకే పెట్టుకోండి. బట్టలు నానేసిన బకెట్‌ను ఎంత కడిగినా సర్ఫు పోయిందని నమ్మకం ఉండదు.

ఎండ

ఏప్రిల్, మే నెలల్లో బయట 42, 43 డిగ్రీలంటే మనకు వింత కాదు. పై అంతస్తులో, నేరుగా స్లాబు కింద ఉండే గదిలో రాత్రి పది దాటినా గోడలు వేడిగానే ఉంటాయి. పాత మట్టి మిద్దె ఉన్నవాళ్లు, కింది అంతస్తువాళ్లు అదృష్టవంతులు. నీళ్లు కాగేకొద్దీ వాటిలో నిలిచే ఆక్సిజన్ తగ్గిపోతుంది: 20 డిగ్రీల దగ్గర లీటరులో సుమారు 9 మిల్లీగ్రాములు పడితే 30 దగ్గర ఏడున్నర, 35 దగ్గర 7 కూడా పట్టదు. సరిగ్గా అప్పుడే చేపకు ఆక్సిజన్ ఎక్కువ కావాలి, ఎందుకంటే వేడికి దాని ఒంట్లో పనులన్నీ వేగం పుంజుకుంటాయి. మధ్యాహ్నం మూడింటప్పుడు చేపలన్నీ పైకొచ్చి, నోరు నీటి అంచుకు ఆనించి గబగబా గుటకలు వేస్తూ కనిపిస్తే ఆకలికి కాదు, ఊపిరాడక. అప్పుడు మేత వేయడం కన్నా తప్పుపని ఇంకొకటి లేదు.

దీనికి మందు నీళ్లను చల్లబరిచే ఖరీదైన చిల్లరు మిషన్ కాదు. మూత తీసి, నీటి మీదుగా గాలి తగిలేలా చిన్న టేబుల్ ఫ్యాను పెడితే రెండు నుంచి నాలుగు డిగ్రీలు దిగుతుంది. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కోస్తావాళ్ల కన్నా మనకు ఈ చిట్కా బాగా పనిచేస్తుంది, కూలరు పనిచేసినట్టే. చిక్కంతా ఆ తర్వాత వస్తుంది. ఆవిరైపోయేది నీరు ఒక్కటే, లవణాలు ట్యాంకులోనే ఉండిపోతాయి. తగ్గిన నీటిని మళ్లీ బోరు నీళ్లతోనే నింపుతూ పోతే నెల తిరిగేసరికి ట్యాంకు నీళ్లు బోరు కన్నా ఉప్పుగా తయారవుతాయి. అద్దం మీద పాత నీటి మట్టం దగ్గర తెల్లటి గీత కడుతుందే, అదే గుర్తు. ఎండాకాలం తగ్గిన నీటికి క్యాను నీళ్లు పోయండి, వారం వారం మార్చే నీటికి మీ మామూలు నీళ్లు వాడండి. ఆర్ఓ నీళ్లు నిజంగా పనికొచ్చేది ఇక్కడ.

ఎండకూ బోరు నీళ్లకూ ఒక దుష్ట సంబంధం ఉంది. చేపల పెంటా మిగిలిపోయిన మేతా కుళ్లితే అమ్మోనియా తయారవుతుంది. పీహెచ్ 7 దగ్గర అందులో విషంగా మారే భాగం చాలా కొంచెం. పీహెచ్ 8 అయితే ఆ భాగం సుమారు పది రెట్లు, వేడి తోడైతే ఇంకా ఎక్కువ. బోరు నీళ్ల పీహెచ్ చాలాచోట్ల ఏడున్నరకు పైనే. ఎక్కువ మేత వేసి, నీళ్లు మార్చకుండా ఏదో నెట్టుకొచ్చే వెసులుబాటు మనకు తక్కువ.

కరెంటు, చోటు

కరెంటు ఖర్చుకు భయపడక్కర్లేదు. 5 వాట్ల ఎయిర్ పంపు రోజంతా నడిస్తే నెలకు మూడున్నర యూనిట్లు, 10 వాట్ల ఎల్ఈడీ రోజుకు 8 గంటలు వెలిగితే రెండున్నర యూనిట్లు. సమస్యల్లా కరెంటు పోవడమే. ఫిల్టరు ఆగితే గాలి ఆగుతుంది, ఫిల్టరులో ఉండి అమ్మోనియాను విరిచే మంచి బ్యాక్టీరియా కొన్ని గంటల్లో చావడం మొదలుపెడుతుంది. ఇన్వర్టరు ఉంటే పంపు ఆ లైనుకు పెట్టించండి. లేకపోతే బ్యాటరీతో నడిచే చిన్న పంపు ఒకటి బీరువాలో ఉంచుకోండి.

బరువు లెక్క కూడా వేసుకోవాలి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ట్యాంకులో 28 లీటర్లు పడతాయి. రెండడుగుల పొడవైతే 56, అంటే నీళ్లే 56 కిలోలు, గాజూ గులకరాళ్లూ కలిపితే 75 దాటుతుంది. టీవీ స్టాండు మీద పెట్టకూడదు. కడప బండతో కట్టిన అర ఉంటే, దాని కింద సపోర్టు గట్టిగా ఉంటే, అంతకన్నా మంచి చోటు ఉండదు, నీళ్లు చిందినా ఉబ్బదు. ట్యాంకు కింద థర్మోకోల్ షీటు వేయడం మరిచిపోవద్దు. ఈశాన్యంలోనే పెట్టాలని ఇంట్లో పెద్దవాళ్లు పట్టుబడితే పెట్టండి, గొడవెందుకు. కానీ ఆ మూల కిటికీ ఉంటే పొద్దుటి ఎండ నేరుగా పడి నీళ్లు పచ్చబడిపోతాయి, కర్టెను వేసుకోండి.

ఇక ఒక్కోదాని సంగతి

*గాజు గిన్నెలో గోల్డ్ ఫిష్.* వద్దు. కారణాలు చెప్పమంటే, గోల్డ్ ఫిష్ చల్లటి నీళ్ల చేప, 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, సరిగ్గా చూస్తే పదేళ్లకు పైగా బతుకుతుంది, జానెడు పెరుగుతుంది, తిన్నదంతా పెంటగా వదులుతుంది. ఐదు లీటర్ల గిన్నె మన మేలో మధ్యాహ్నానికల్లా గది వేడికి వచ్చేస్తుంది. పిల్లల పుట్టినరోజుకు కొనిస్తే వారంలో చచ్చిపోయి పిల్లలు ఏడుస్తారు. గోల్డ్ ఫిషే కావాలంటే మూడడుగుల ట్యాంకైనా ఉండాలి, లేదా ఇంటి వెనక వేపచెట్టు నీడలో పెద్ద సిమెంటు తొట్టి. తొట్టి ఆలోచన చెడ్డదేం కాదు, పైన వల వేయాలి, పిల్లులూ కొంగలూ ఊరుకోవు.

*అడుగు ట్యాంకులో ఒక్క ఫైటర్.* అద్దె ఇంట్లో ఉండేవాళ్లకు, హాస్టలు వదిలి గది తీసుకున్నవాళ్లకు, చోటూ డబ్బూ తక్కువున్నవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఫైటర్ థాయిలాండ్ వైపు వరి మడుల్లో, నిలవ నీళ్లలో బతికే జాతి. దాని తలలో గాలి పీల్చుకునే ప్రత్యేకమైన అవయవం ఉంటుంది, పైకొచ్చి గుక్క గాలి మింగి పోతుంది. కరెంటు నాలుగు గంటలు పోయినా మిగతా చేపలంత ఇబ్బంది పడదు. 24 నుంచి 28 డిగ్రీలు దానికి ఇష్టం, ఇంకో రెండు మూడు డిగ్రీలు ఎక్కువైనా ఓర్చుకుంటుంది. ఫారాల్లో పెరిగినవి మన బోరు నీళ్లకు కూడా అలవాటు పడతాయి, మరీ ఉప్పగా ఉంటే సగం క్యాను నీళ్లు కలపండి. అంగళ్లలో చిన్న గ్లాసుల్లో పెట్టి అమ్ముతారని అంతే చాలనుకోవద్దు, 15 నుంచి 20 లీటర్లు ఉంటేనే నీళ్లు త్వరగా పాడవకుండా ఉంటాయి. రెండు మగ ఫైటర్లను కలిపి వేయకూడదని అందరికీ తెలుసు. ఎగిరి బయట పడుతుందన్నది చాలామందికి తెలియదు, మూత బదులు దోమతెర ముక్క కట్టండి, గాలీ ఆడుతుంది. ఒక్కటే చేప, బోరు కొట్టదా అంటే, నిజానికి మనిషిని గుర్తుపట్టి అద్దం దగ్గరకు వచ్చేది ఇదే.

*రెండడుగుల్లో గప్పీలు, మోలీలు, ప్లాటీలు.* బోరు నీళ్లే దిక్కైన ఇంటికి ఇంతకన్నా మంచి జోడీ నాకు కనపడలేదు. ఇవి మూడూ గట్టి నీళ్లను, అంటే సుద్ద లవణాలు ఎక్కువున్న నీళ్లను, ఓర్చుకోవడం కాదు, కోరుకుంటాయి. మోలీలు మెక్సికో వైపు సముద్రపు ఉప్పు కలిసే నీళ్లలో కూడా బతుకుతాయి. వాటిని మరీ మెత్తటి నీళ్లలో వేస్తే ఒకేచోట నిలబడి ఒళ్లు అటూ ఇటూ ఊపుతుంటాయి, జనం డ్యాన్సు చేస్తోందనుకుంటారు, అది జబ్బు. అంటే ఇంకొకరు క్యాన్లు మోసుకొచ్చి సరిచేసుకునే బోరు నీళ్లే మీకు నేరుగా పనికొస్తాయన్నమాట.

ఇబ్బంది పిల్లలతో. గప్పీ నెలకోసారి ఈనుతుంది, ఒకసారి మగదాంతో కలిస్తే ఆ తర్వాత మగది లేకపోయినా నెలల తరబడి పిల్లల్ని పెడుతూనే ఉంటుంది. మొదట ఆరు వేస్తే ఏడాదికి ఎన్నవుతాయో లెక్కపెట్టడం మానేస్తారు. పిల్లలున్న ఇంటికి అది సంబరం, స్నేహితులకు పంచుకుంటారు. మీకు ఆ గొడవ వద్దంటే మగ గప్పీలనే తీసుకోండి, రంగులన్నీ వాటికే కదా. ఎక్కువైన చేపల్ని చెరువులో, కాలువలో మాత్రం వదలొద్దు.

మేత తక్కువ వేస్తే ఈ ట్యాంకు దాదాపు తనంతట తాను నడుస్తుంది. వారానికోసారి పావు వంతు నీళ్లు, అంటే 14 లీటర్లు, బకెట్ కూడా నిండదు. నీళ్లకు కటకటగా ఉండే వీధుల్లోవాళ్లు ఇది వృథా అనుకోవద్దు, తీసిన నీళ్లు మల్లెచెట్టుకు పోయండి, అందులో నైట్రేటు ఉంటుంది, ఎరువు కొన్నట్టే.

*అదే రెండడుగుల్లో మొక్కలు, టెట్రాలు.* ఫొటోల్లో చూసి అందరూ మోజుపడేది ఇదే. నియాన్ టెట్రాలు అమెజాన్ వైపు ఉపనదుల చేపలు, మెత్తటి, కాస్త పులుపు వైపున్న నీళ్లు వాటివి. 21 నుంచి 26 డిగ్రీలు చాలు, 30 దాటిందంటే ఒక్కోటి రాలిపోతుంటాయి. బోరు నీళ్లవాళ్లు ఇది పెట్టాలంటే ప్రతి వారం క్యాన్లు తెచ్చి, టీడీఎస్ చూసి కలిపి, మే నెలంతా ఏసీ గదిలో ఉంచి పోషించాలి. కొళాయిలో నది నీళ్లు వచ్చి, కింది అంతస్తులో చల్లటి గది ఉండి, ఓపికా ఉంటే మాత్రం ఆనందం వేరు. నియాన్‌లకు బదులు బ్లాక్ విడో టెట్రాలు తీసుకుంటే సగం తలనొప్పి తగ్గుతుంది, అవి మొండివి. ఒకటి గుర్తుంచుకోండి, మొక్కలు పగలు ఆక్సిజన్ ఇస్తాయి గానీ రాత్రి అవీ పీల్చుకుంటాయి. మొక్కలు ఉన్నాయి కదా అని రాత్రిపూట పంపు ఆపేస్తే తెల్లారేసరికి చేపలు పైన ఉంటాయి.

మొక్కల మీద మోజుండి నీళ్లు బోరువే అయితే మధ్యేమార్గం ఉంది. వాలిస్‌నేరియా, హార్న్‌వర్ట్ రెండూ గట్టి నీళ్లలో హాయిగా పెరుగుతాయి. వాటిని పెట్టి గప్పీలు వేసుకోండి. పచ్చదనమూ ఉంటుంది, క్యాన్ల మోతా తప్పుతుంది.

*రెడీమేడ్ మౌల్డెడ్ ట్యాంకు.* చూడ్డానికి నీటు, మూలలు గుండ్రంగా ఉంటాయి, హాల్లో అతికినట్టు ఉంటుంది. మన వాతావరణంలో దీని పెద్ద లోపం ఆ మూతే. లైటూ మోటారూ అందులోనే ఉంటాయి కాబట్టి తీసి పక్కన పెట్టలేరు, వేడి లోపలే ఉండిపోతుంది, ఫ్యాను గాలి తగలదు. మోటారు కాలిపోతే అదే కొలతది మన ఊళ్లో దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. అదే డబ్బుతో గాజు అంటించే మనిషి దగ్గర కొలతిచ్చి కట్టించుకుంటే ఇంకా పెద్దది వస్తుంది.

పక్కపక్కన పెట్టి చూస్తే ఇలా ఉంటుంది:

| ఏది | ఏ నీళ్లకు | ఎండకు | కరెంటు పోతే | వారానికి పని |
|---|---|---|---|---|
| గిన్నెలో గోల్డ్ ఫిష్ | ఏవైనా | తట్టుకోదు | తట్టుకోదు | రెండ్రోజులకోసారి నీళ్లు |
| అడుగు ట్యాంకు, ఫైటర్ | కొళాయి, కలిపిన బోరు | బాగానే | బాగా తట్టుకుంటుంది | పది నిమిషాలు |
| రెండడుగులు, గప్పీ, మోలీ | నేరుగా బోరు | ఫ్యానుంటే చాలు | కొన్ని గంటలు | అరగంట |
| రెండడుగులు, మొక్కలు, టెట్రా | కొళాయి, క్యాను కలిపినవి | కష్టం | రాత్రిపూట కష్టం | గంట, గంటన్నర |
| రెడీమేడ్ ట్యాంకు | వేసే చేపను బట్టి | మూత వల్ల ఇబ్బంది | చేపను బట్టి | అరగంట |

ఫిల్టరు ఏది?

ఇక్కడ పెద్దగా ఆలోచించే పని లేదు. ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు తీసుకోండి. చవక, చప్పుడు కొంచెం ఉంటుంది, చూడ్డానికి అందంగా ఉండదు, పని మాత్రం మూడింటిదీ ఒకటే చేస్తుంది: గాలి ఇస్తుంది, మురికి పడుతుంది, బ్యాక్టీరియాకు ఇల్లవుతుంది. బ్యాటరీ పంపు గొట్టం దానికే తగిలిస్తే కరెంటు పోయినా ఆగదు. నీళ్లలో మునిగే పవర్ ఫిల్టరు రెండడుగుల ట్యాంకులో నీళ్లను మరింత తేటగా ఉంచుతుంది, కానీ మోటారు నీళ్లలోనే ఉండి తన వేడి కూడా కలుపుతుంది, ఫైటర్‌కైతే ఆ వరద పడదు. వెనక తగిలించే రకం మంచిదే, కరెంటు పోయి వచ్చాక కొన్ని మోడళ్లలో మళ్లీ నీళ్లు పోస్తే గానీ ఎత్తుకోవు. మీరు ఆఫీసులో ఉన్నప్పుడు అది ఒట్టిగా తిరుగుతుంటుంది.

స్పాంజిని కొళాయి కింద కడగొద్దు, క్లోరిన్‌కు బ్యాక్టీరియా చస్తుంది. ట్యాంకులోంచి తీసిన మురికి నీళ్లలోనే రెండు సార్లు పిండి పెట్టేయండి. ఇంకో మాట, ఎయిర్ పంపు గదిలోని గాలినే లాక్కుని నీళ్లలోకి కొడుతుంది. దోమల స్ప్రేల్లో ఉండే పైరెత్రాయిడ్ మందులు చేపలకు ఘోరమైన విషం. స్ప్రే కొట్టే గదిలో ట్యాంకు ఉంటే ముందు పంపు ఆపి, ట్యాంకు మీద తడి గుడ్డ కప్పండి. వీలైతే ఆ గదిలో కొట్టకపోవడమే మేలు.

అడుగున ఏం పరవాలి, ఏ రాళ్లు పెట్టాలి

మన ప్రాంతంలో రాళ్లకు కొదవ లేదు కాబట్టి ఇది చెప్పాలి. కడప బండ, బేతంచెర్ల నాపరాయి, రెండూ సున్నపురాయి జాతివే. ముక్కలు అందంగా పేర్చి గుహలా కడితే చాలా బాగుంటాయి, నల్లటి కడప బండ ముందు ఎర్ర ప్లాటీ తిరుగుతుంటే చూడాల్సిందే. కానీ సున్నపురాయి నీళ్లలో కొద్దికొద్దిగా కరిగి కాఠిన్యాన్నీ పీహెచ్‌నూ పెంచుతుంది. గప్పీ, మోలీలకు అది వరం, టెట్రాలకు శాపం. మీ దగ్గరున్న రాయి ఏదో తెలియకపోతే ఒక పక్క మేకుతో గీరి, దాని మీద నిమ్మకాయ పిండి చెవి దగ్గర పెట్టుకోండి. సన్నగా చుయ్‌మని బుడగలు లేస్తే సున్నం ఉన్నట్టే. కొంచెం ఓపికగా చూడాలి.

అడుగున పరవడానికి పెన్నా ఇసుక కన్నా బటాణీ గింజంత గులకరాళ్లు మేలు, కడగడం సులువు. నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి, సబ్బు అంటించకుండా. రంగురంగుల పెయింటు రాళ్లు మానేయండి.

అంగడిలో ఏవి చూసి మోసపోవద్దు

గాజు శుభ్రం చేస్తుందని సక్కర్ చేపను అంటగడతారు. కొన్నప్పుడు వేలెడంత, పెరిగితే అడుగు దాటుతుంది, పాచి కన్నా పెంటే ఎక్కువ. జనం పెంచలేక చెరువుల్లో వదిలితే అక్కడ మన చేపల చోటును ఇవి ఆక్రమిస్తున్నాయి. ఇంకొకటి, షార్క్ పేరుతో అమ్మే వెండిరంగు చేప. అది మన రాష్ట్రంలో చెరువుల్లో పెంచి మార్కెట్లో కిలోల లెక్కన అమ్మే పంగస్ పిల్లే. రెండడుగుల ట్యాంకులో దాన్ని పెంచాలనుకోవడం ఏమిటో మీరే ఊహించుకోండి. అదృష్టం తెస్తుందని చెప్పే ఫ్లవర్‌హార్న్‌కు మన గట్టి నీళ్లు పడతాయి, కాకపోతే అది ఒక్కటే నాలుగడుగుల ట్యాంకు కోరుతుంది. చిన్న అక్వేరియం లెక్కలోకి రాదు.

ఎవరికి ఏది

బోరు నీళ్లు, సొంతిల్లు, పిల్లలు: రెండడుగుల గప్పీ ట్యాంకు, రెండో ఆలోచన వద్దు. అద్దె గది, ఒంటరి, పొద్దున పోతే రాత్రి వచ్చేవాళ్లు: ఫైటర్. కొళాయి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఇల్లయితే గప్పీలే, కాకపోతే మూత ఉన్న డ్రమ్ములో నీళ్లు నిలవ పెట్టుకోవాలి, మూత లేకపోతే డెంగీ దోమ అందులోనే గుడ్లు పెడుతుంది. పెద్దవాళ్లు కాలక్షేపానికి పెట్టుకుంటామంటే వాళ్లకూ రెండడుగులే, కానీ నేల మీదికి వంగే పని లేకుండా నడుం ఎత్తులో పెట్టించి, బకెట్ మోయకుండా సన్న గొట్టంతో నీళ్లు తీసే ఏర్పాటు చేయండి. చిన్నది అయితే సులువనుకుని వాళ్లకు గిన్నె కొనివ్వొద్దు, నీళ్లు ఎంత తక్కువైతే అంత త్వరగా పాడవుతాయి, పని అంత పెరుగుతుంది.

ఎండాకాలం సెలవులకు ఊరెళ్తే వారం రోజులు మేత లేకపోయినా పెద్ద చేపలకు ఏమీ కాదు. పక్కింటివాళ్లకు మేత డబ్బా ఇచ్చి పోవడం కన్నా అదే నయం, పాపం వాళ్లు ప్రేమకొద్దీ గుప్పెడు వేసేస్తారు. ఫ్యాను నడుస్తుంటే నీళ్లు తగ్గుతాయి కాబట్టి రెండ్రోజులకోసారి క్యాను నీళ్లు రెండు చెంబులు పోయమని మాత్రం చెప్పి వెళ్లండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి

ఏప్రిల్‌లో వద్దు. కొత్త ట్యాంకులో అమ్మోనియాను నైట్రైటుగా, దాన్ని నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియా కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ లోపే ఎండలు మొదలైతే చేపకు రెండు వైపులా దెబ్బ. వానలు పడి గది చల్లబడ్డాక, సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య పెట్టుకుంటే ఎండాకాలం వచ్చేసరికి ట్యాంకు గట్టిపడి ఉంటుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి ఉన్నా తలుపులేసిన ఇంట్లో నీళ్ల వేడి మరీ పడిపోదు, థర్మామీటరు 22 కన్నా దిగువ చూపిస్తేనే ఫైటర్‌కు చిన్న హీటర్ గురించి ఆలోచించండి.

సాయంత్రం నీళ్లు నింపి పొద్దున చేపలు వదలండి అని అంగడిలో చెప్తారు, వినొద్దు. నీళ్లు నింపి, ఫిల్టరు నడిపిస్తూ, చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేస్తూ పోండి, అది కుళ్లి బ్యాక్టీరియాకు తిండి అవుతుంది. ట్యాంకు ఉన్న స్నేహితుడి దగ్గర వాడిన స్పాంజి ముక్క దొరికితే మీ ఫిల్టరులో ఇరికించండి, వారాలు కలిసొస్తాయి. తర్వాత మూడు నాలుగు చేపలతో మొదలుపెట్టి, రెండు వారాలు ఆగి మిగతావి తెచ్చుకోండి. తెచ్చిన కవరును విప్పకుండా ట్యాంకు నీళ్ల మీద పావుగంట తేలనిచ్చి, తర్వాత కవరు విప్పి ఐదు నిమిషాలకోసారి అర గ్లాసు ట్యాంకు నీళ్లు అందులో పోస్తూ, చివరికి వలతో చేపను మాత్రం ట్యాంకులోకి తీయండి. అంగడి నీళ్లు ట్యాంకులో కలపొద్దు. ఆ రోజు మేత వేయక్కర్లేదు. మర్నాటి నుంచి రెండు నిమిషాల్లో తినేసేంత, రోజుకు ఒక్కసారి.